శాండ్‌విచ్‌లో సగం

శనివారం పొద్దున ఎనిమిదింటికి భార్యను స్కూలుకు పంపడానికి పేతురు పడిన హడావుడి చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. టిఫిన్ డబ్బా సర్ది చేతికిచ్చాడు, గొడుగు వెతికి ఇచ్చాడు, వీధి చివరికి వెళ్ళి ఆటోను ఇంటి ముందుకే పిలుచుకొచ్చాడు. గూడ్స్ బండి గార్డుగా ముప్పై ఆరేళ్ళు పచ్చజెండా ఊపి రిటైరైన మనిషి, ఆటో మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ప్రేమమణికి మాత్రం అనుమానం రాలేదు. టీచరుగా ఆమెకు అదే ఆఖరి రోజు. మనసంతా పిల్లల మీదే ఉంది. "సాయంత్రం ఆరింటికి ఇరవై మంది వస్తరు జోయా డాడీ. తినేటియి ఏం చెప్పినవ్?" అని మాత్రం ఎక్కేముందు అడిగింది.

"అన్నీ నాకు వదిలెయ్ మణీ. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు పేతురు. అతనికి వదిలేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కానీ ఆటో అప్పటికే కదిలింది.

పేతురు మనసులో ఉన్నదేమిటో చెప్పాలంటే ముప్పై నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళాలి. వాళ్ళ పెళ్ళిచూపులు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక పాత బేకరీలో జరిగాయి. పిల్ల, పిల్ల మేనత్త ముందే వచ్చి కూర్చున్నారు. పిల్లాడు ఎక్కిన గూడ్సు బొల్లారం దగ్గర సిగ్నల్ దొరక్క గంటసేపు నిలిచిపోయింది. రాత్రంతా డ్యూటీ చేసి, తెల్ల యూనిఫారంలోనే పరుగెత్తుకొచ్చిన పేతురుకు కళ్ళు తిరుగుతున్నాయి. ఆ బేకరీకి పేరు తెచ్చిన శాండ్‌విచ్ ఒకటి ఉండేది. దళసరి రొట్టె ముక్కల మధ్య ఉప్పులో ఊరిన కోడిమాంసం, పులియబెట్టిన క్యాబేజీ, చీజు, ఘాటైన ఆవముద్ద. అది ముందుకు రాగానే పేతురు తల వంచాడు. మళ్ళీ తల ఎత్తేసరికి ప్లేటు ఖాళీ. ఎదురుగా కాబోయే భార్య చాయ్ కప్పు పట్టుకుని అతన్నే చూస్తోంది.

పెళ్ళి అయితే జరిగింది. కానీ ఆ శాండ్‌విచ్ ఈ ఇంట్లో అరగలేదు. ఏ చిన్న మాట పట్టింపు వచ్చినా ప్రేమమణి "సగం తింటవా అని ఒక్క మాట సుత అడగలే" అనేది. అంతే, పేతురు నోరు మూతపడేది. ఆ తప్పుకు ప్రాయశ్చిత్తంగా పెళ్ళైన మర్నాటి నుంచి పొద్దున చాయ్ తనే పెట్టి ఆమె మంచం దగ్గరికి తెచ్చి ఇస్తున్నాడు. డ్యూటీలో ఉన్న రోజులు తప్ప ఒక్కనాడూ మానలేదు.

ఈ రిటైర్మెంటు రోజున ఆ శాండ్‌విచ్ ఆమెకు తినిపించాలని అతని ఆశ. బేకరీ పోయి అక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు కాబట్టి తనే చేయాలి. ప్రేమమణి ఈమధ్యే ముందువరసలో కట్టుడు పళ్ళు పెట్టించుకుంది, పెద్దవి కొరకొద్దని డాక్టరు చెప్పాడు. కాబట్టి చిన్నవి చేయాలి. దారి కూతురు జోయా చూపించింది. ఎక్కడో ఎవరో అలాంటి శాండ్‌విచ్‌నే తరిగి, కలిపి, నిమ్మకాయంత ఉండలు చేసి, నూనెలో వేయించి పార్టీలో పంచుతున్న వీడియో ఒకటి పంపింది. పేతురు దాన్ని పదకొండుసార్లు చూశాడు. ఊరంతా తిన్నా సరే, మొదటి ఉండ మాత్రం మణి నోట్లో పడాలి. అదొక్కటే అతని పట్టు.

క్యాబేజీ వారం కిందటే సీసాలో ఉప్పు వేసి పులియబెట్టాడు. కనబడకుండా డ్యూటీలో మోసిన తన ఇనుప పెట్టెలో దాచి, పెట్టెను మంచం కింద తోశాడు. మూడో రోజు నుంచి ప్రేమమణి ఇంట్లో ఎలుక చచ్చిందని వెతకడం మొదలుపెట్టింది. పేతురు కూడా టార్చిలైటు పట్టుకుని ఆమెతోపాటు చాలా శ్రద్ధగా వెతికాడు.

పదిన్నరకల్లా నలభై అయిదు ఉండలు తయారయ్యాయి. గుడ్డు సొనలో ముంచి, రస్కు పొడిలో దొర్లించి, మూడింటిని కడాయిలో వేశాడు. ఒకటి టప్పుమంది. రెండోది నోరు తెరిచి చీజంతా కక్కేసింది. మూడోది నూనెలో పడి ఎటుపోయిందో గరిటెకు దొరకలేదు. పేతురు స్టవ్ ఆపి, బేగంపేట ఆఫీసులో ఉన్న జోయాకు ఫోన్ చేశాడు.

"డాడీ, ఫ్రీజర్‌ల పెట్టినవా?"

"అట్ల ఏడ చెప్పిండ్రు?"

"వీడియోల ఉన్నది కదా! రెండు మూడు గంటలు గట్టిగ కావాలె, అప్పుడే ఏంచాలె. పదకొండుసార్లు ఏం చూసినవ్?"

"ఆమె చేతులు చూస్తున్న బేటా, మాటలు వినలే."

ఫ్రీజరు తెరిచాడు. లోపల మంచు గడ్డకట్టి, సబ్బుబిళ్ళ పట్టేంత చోటు మాత్రమే మిగిలింది. కరిగేదాకా ఆగే ఓపిక లేదు. స్క్రూడ్రైవరు తెచ్చి నాలుగు పోట్లు పొడిచాడు. అయిదో పోటుకు ఫ్రీజరు లోపలినుంచి "స్స్‌స్స్" అని సన్నటి చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు ఆగేసరికి పన్నెండేళ్ళ ఫ్రిజ్ ప్రాణం పోయింది. పేతురు దాని తలుపు మెల్లగా మూశాడు, ఎవరో నిద్రపోతున్నట్టు.

డబ్బా పట్టుకుని పక్కింటికి వెళ్ళాడు. విమలమ్మ వాకిట్లో తులసికోట దగ్గర దీపం సర్దుతోంది.

"వదినా, మీ ఫ్రీజర్‌ల జెర చోటు ఉంటదా? సాయంత్రం దాకనే."

"అయ్యో, దానికేంది, ఇటియ్యన్నా. ఏముంది అండ్ల?"

అబద్ధమాడితే అయిపోయేది. పేతురు డబ్బా వైపు చూశాడు, దీపం వైపు చూశాడు. "కోడికూర ఉన్నది వదినా" అన్నాడు.

"శనివారం కదన్నా! మా ఇంట్ల గుడ్డు సుత రానియ్యం" అని ఆమె నొచ్చుకుంది. "నిజం చెప్పి మంచిపని చేసినవ్. మరి మీ చర్చి వంటింట్ల పెద్ద ఫ్రిజ్ ఉన్నది కదా, అండ్ల పెట్టరాదు?"

మంచి సలహాయే. నలభై రెండు ఉండల డబ్బాను స్కూటర్ ముందు పెట్టుకుని చర్చికి వెళ్ళాడు. కాపలా చూసే రోసమ్మ అక్కడ లేదు. ఉంటే ఏమిటని అడుగుతుంది, చెబితే అరగంటలో ప్రేమమణికి తెలుస్తుంది. లేకపోవడమే మేలనుకుని, డబ్బా మీద పేరు కూడా రాయకుండా ఫ్రీజరులో పెట్టి వచ్చేశాడు. పేరు రాయకపోవడమే తన తెలివి అనుకున్నాడు పాపం.

ఆ చర్చిలో ఒక ఆచారం ఉంది. వంటింటి ఫ్రిజ్‌లో పేరు లేకుండా ఏది కనబడినా అది దేవుని ఇంటికి ఎవరో గుప్తంగా ఇచ్చిన కానుక. ఎవరు ఇచ్చారని అడగరు, తిరిగి తీసుకోరు. ముప్పై ఏళ్ళుగా సంఘంలో ఉన్న పేతురుకు ఇది బాగా తెలుసు. క్రిస్మస్ ముందు పేరు లేని కేకు కనబడితే అతను కూడా అలాగే తిన్నాడు. కానీ ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

పేతురుకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. స్త్రీల సమాజం వాళ్ళు ఆ సాయంత్రం నాలుగింటికే ప్రేమమణిని స్కూలు నుంచి నేరుగా చర్చికి తీసుకొచ్చి, చెప్పకుండా సన్మానం చేయాలనుకున్నారు. పేతురుకు తెలిస్తే ఊరంతా తెలుస్తుందని అతనికి చెప్పలేదు. చెప్పిన సమోసాలు మూడున్నరైనా రాలేదు. రోసమ్మ కంగారుపడి వంటింట్లో మోకరించి, "ప్రభువా, టీచరమ్మ ముంగట ఇజ్జత్ కాపాడు" అని ప్రార్థించింది. లేచి షర్బత్తుకు ఐసు కోసం ఫ్రీజరు తెరిచింది.

నాలుగుంబావుకు పేతురు డబ్బా కోసం చర్చికి వచ్చాడు. హాలు మెట్ల మీద ముప్పై జతల చెప్పులు ఉన్నాయి. వాటిలో ఒక జత మణిది, నిన్న సాయంత్రం తనే కుట్టించి తెచ్చాడు. మెల్లగా లోపలికి తొంగిచూశాడు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. పాస్టరు కాలేబు గారు భోజనానికి ముందు ప్రార్థన చేస్తున్నారు. కోస్తా నుంచి వచ్చిన ఆయన ప్రార్థన మొదలుపెడితే విద్యాశాఖ నుంచి వానల దాకా దేన్నీ వదలరు. మధ్యలో బల్ల మీద పెద్ద పళ్ళెం. దానిలో ఎర్రగా, గుండ్రంగా, ఒక్కటీ పగలకుండా వేగిన నలభై రెండు ఉండలు.

తన చేతిలో పేలిపోయిన ఉండలు రోసమ్మ చేతిలో ఇంత బుద్ధిగా వేగాయా అని ఒకపక్క కడుపుమంట. ఇంకోపక్క, ఇంకా ఎవరూ తినలేదన్న ఆశ. మొదటి ఉండ మణిదే కావచ్చు! అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. పేతురు పిల్లిలా నడిచి వెళ్ళి పళ్ళెం ఎత్తాడు. ఎత్తాక చూస్తే ఒకరి కళ్ళు మూసి లేవు. ప్రేమమణి ఒక కన్ను తెరిచి అతన్నే చూస్తోంది.

సరిగ్గా అప్పుడే పాస్టరు గారు "ఆమెన్" అన్నారు.

ముప్పై మంది కళ్ళు తెరిచేసరికి పేతురు పళ్ళెం పట్టుకుని హాలు మధ్యలో నిలబడి ఉన్నాడు.

"చూశారా!" అన్నారు పాస్టరు గారు. "భార్య సన్మానానికి వచ్చి, పిలవకుండానే వడ్డనకు నిలబడ్డారు. భర్త అంటే ఇలా ఉండాలండీ. కానివ్వండి పేతురుగారూ, ఆ చివర నుంచి మొదలుపెట్టండి."

"అయ్యగారూ, ముందు మణికి..." అని పేతురు నసిగాడు.

"సన్మానం నాది. ముందు వచ్చినోళ్ళకు పెట్టు" అంది ప్రేమమణి. టీచరు గొంతు అది. దానికి ఎదురు చెప్పే అలవాటు పేతురుకు లేదు.

వడ్డన మొదలైంది. ఇంతలో రోసమ్మ లేచి సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టింది. "సమోసాలు రాలే. మోకాళ్ళ మీద పడి ఏడ్చిన. ఫ్రిజ్ తెరిస్తే నిండు డబ్బా! పేరు లేదు, ఊరు లేదు. పొద్దున నేను తుడిచినప్పుడు లేదు అక్కలారా, ప్రమాణం! ప్రభువే పెట్టిండు!" ఆమె కళ్ళ నీళ్ళు బుగ్గల మీదికి కారుతున్నాయి. హాలంతా "స్తోత్రం" అంది.

పేతురు ఆగాడు. ఒక్క మాట చాలు, ఉండలు తనవని అందరికీ తెలుస్తాయి. కానీ భర్త పోయి, ఒంటరిగా ఆ చర్చి గదిలో బతుకుతున్న రోసమ్మ ముఖం ఆ రోజున ఎంత వెలిగిపోతోందో అతనికి కనబడింది. దాన్ని ఆర్పడానికి మనసు ఒప్పలేదు. గొంతు సవరించుకుని, "స్తోత్రం" అన్నాడు అతను కూడా.

మంచి రుచిగా ఉండడం కూడా ఒక శాపమేనని ఆ పావుగంటలో తెలిసింది. ఒకరు రెండు తీసుకున్నారు. ఇంకొకరు మనవడికని రుమాల్లో చుట్టారు. పాస్టరు గారు నాలుగు తీసుకుని, "పరలోకపు వంట!" అన్నారు. పేతురు పళ్ళెం పట్టుకుని నడుస్తున్నాడు కానీ అతని ప్రాణం తగ్గుతున్న ఉండల మీదే ఉంది. ప్రేమమణి ముందుకు వచ్చేసరికి పళ్ళెంలో ఒకటే మిగిలింది. మొదటిది కావలసింది ఆఖరిదయింది. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఆమె ఉండను వేళ్ళతో తీసుకుని కొంచెం కొరికింది. నమలడం ఆపేసింది. ఉప్పు కోడి, ఆవఘాటు, పుల్లటి క్యాబేజీ. తల ఎత్తి అతని వైపు చూసింది. తర్వాత లేచి, మిగతా ముక్క చేతిలో పట్టుకుని, "జోయా డాడీ, జెర బైటికి రా" అంది.

మెట్ల మీద చెప్పుల పక్కన కూర్చున్నారు.

"మంచం కింద చచ్చిన ఎలుక ఇదేనా?"

పేతురు తల ఊపాడు.

"నువ్వు సుత టార్చ్ పట్టుకొని ఎంకులాడినవ్ కదా నాతోని!" అని ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. కళ్ళు తడిశాయి. చేతిలో ముక్కను రెండు చేసి ఒకటి అతనికిచ్చింది. "తిను."

"వద్దు మణీ, పూరా నీదే. ఆనాడు నేను అడగలే. ఇయ్యాల మొదటిది నీకే పెట్టాలనుకున్న. ఆఖరికి ఒక్కటే మిగిలె."

"తినమంటున్న కదా. నేనొక సాక్ష్యం చెప్పాలె నీకు." ఆమె గొంతు తగ్గించింది. "ఆనాడు నువ్వు గంట లేట్ వచ్చినవ్. ఆకలికి ఆగలేక నేను, మా మేనత్త చెరొక శాండ్‌విచ్ తిన్నం. నువ్వు గేటు కాడ కనబడంగనే ప్లేట్లు తీపిచ్చినం. పిల్ల తిండిపోతు అనుకుంటవని అత్త నాకు చాయ్ ఒకటే చెప్పింది. నువ్వు సగం ఇచ్చినా తినే జాగ లేకుండె నా కడుపుల."

పేతురు నోట్లో ముక్క అలాగే ఆగిపోయింది. "మరి ముప్పై నాలుగేండ్లు..."

"పెండ్లైన తెల్లారి చెప్దామనే లేచిన. నువ్వు చాయ్ పట్టుకొని నిలబడ్డవ్. 'ఆనాడు అడగలే, మాఫ్ చెయ్' అన్నవ్. ఆ చాయ్ మస్తుండె." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇగ చెప్పబుద్ధి కాలే."

కోపం రావాలి. పేతురు దానికోసం కాసేపు చూశాడు, రాలేదు. పక్కన కూర్చున్న ఈ మనిషి తన చాయ్ కోసం ఇన్నేళ్ళు ఒక అబద్ధం మోసిందంటే, అతనికి ఎందుకో గర్వంగానే అనిపించింది. "ఫ్రిజ్ పోయింది మణీ" అన్నాడు, చెప్పాల్సినవన్నీ ఒకేసారి అయిపోతాయని.

"పోనీ" అందామె.

అప్పుడే గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. రెండు వందల సమోసాలు. రోసమ్మ పరుగెత్తుకొచ్చి చూసి, "ఇప్పుడెందుకివి? మీ ఇంటికి తీస్కపోండి టీచరమ్మా, ఆరింటికి చుట్టాలొస్తరు కదా. ఇది సుత ప్రభువు పనే" అంది. దీనికి మాత్రం పేతురు మనస్ఫూర్తిగా స్తోత్రం అన్నాడు.

మర్నాడు ఆదివారం పొద్దున చాయ్ ఎప్పటిలాగే పేతురే పెట్టి మంచం దగ్గరికి తెచ్చాడు. ఆమె కప్పు మాత్రం సగమే నింపాడు.