మూడో గదిలో అమ్మాయి

బస్టాండులో కొత్తగా కట్టిన ఆడవాళ్ల మరుగుదొడ్లకు ఆ ఉదయం ప్రారంభోత్సవం. ప్లాను గీసిన ఇంజనీరు అందరికంటే ముందు వెళ్లి ఒకసారి చూసుకుందామనుకున్నాడు. మున్సిపల్ చైర్‌పర్సన్ మెచ్చుకుంటే ఆమె బల్ల మీదున్న ఆయన ప్రమోషన్ ఫైలు కదులుతుంది మరి.

"కొక్కేలూ అవీ పెట్టించారా?" అంది భార్య.

"అన్నీ నిన్నడిగి కట్టాలా?" అని బయల్దేరాడు.

మూడో గదిలో దూరి గడియ వేసి చూస్తుండగా బయట ఆడవాళ్ల మాటలు వినిపించాయి. చైర్‌పర్సన్ ముందే వచ్చేసింది. వెంట పదిమంది, వాళ్లలో ఆయన భార్య! ఇప్పుడు బయటికి వస్తే ప్రమోషన్ సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగానికే ఎసరు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. కదలిక లేకపోయేసరికి ఆయనే ముచ్చటపడి పెట్టించిన పొదుపు దీపం ఠపీమని ఆరిపోయింది. కంగారులో దగ్గాడు.

"ఎవరమ్మా లోపల?" అంది చైర్‌పర్సన్. ఆయన రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు. "పాపం, నెలసరి వచ్చినట్టుంది, సిగ్గుపడుతోంది. ఎవరి దగ్గరైనా ప్యాడ్ ఉందా?"

పది సంచులు తెరుచుకున్నాయి. తలుపు పైనుంచి ప్యాడ్లు, నీళ్లసీసా, తువాలు వరసగా వచ్చిపడ్డాయి. పెట్టడానికి గట్టు లేదు, తగిలించడానికి కొక్కెం లేదు, నేలంతా తడి. తువాలు భుజాన వేసుకుని, మిగతావి చంకలో ఇరికించుకుని, ప్లాను కాగితం పళ్లతో పట్టుకుని, దీపం కోసం చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు ఆ మహానుభావుడు. మళ్లీ దగ్గొచ్చింది.

మొగుడి దగ్గు పెళ్లాం గుర్తుపట్టదా? ఆవిడ నవ్వాపుకుంటూ తలుపు దగ్గరికొచ్చింది.

"మాట్లాడక్కర్లేదు తల్లీ. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు తలుపు కొట్టు. సంచి తగిలించుకోడానికి కొక్కెం ఉందా?"

టక్ టక్.

"వాడింది పడెయ్యడానికి మూతడబ్బా?"

టక్ టక్.

"చెయ్యి కడుక్కోడానికి లోపల కుళాయి?"

టక్ టక్.

"ఇది గీసినాయనకి బుర్ర ఉందంటావా?"

లోపల దీపం ఆరింది. టక్ టక్.

"పదండి, పాపం ఆ పిల్లని స్థిమితంగా బయటికి రానిద్దాం," అంటూ ఆవిడ అందర్నీ వేదిక దగ్గరికి తీసుకుపోయింది. కాసేపటికి ఇంజనీరు చెమటలు తుడుచుకుంటూ అక్కడ తేలాడు.

"ప్రారంభోత్సవం లేదు, ఏమీ లేదు!" మండిపడింది చైర్‌పర్సన్. "ఆడపిల్ల లోపల అంత అవస్థ పడాలా?"

"నిజమేనండీ, చాలా అవస్థ," అన్నాడు. ఆ మాట మనసులోంచే వచ్చింది.

నెల తిరక్కుండా గదిగదికీ కొక్కెం, గట్టు, మూతడబ్బా, కుళాయి, ఆరని దీపం అన్నీ పెట్టించాడు. చైర్‌పర్సన్ తిరిగి చూసి పొంగిపోయింది.

"భేష్! మీ ఫైలు మీద సంతకం పెట్టేస్తాను. కానీ ఇదంతా ఆ అమ్మాయి పుణ్యం. ముందు తనని వెతికి నా దగ్గరికి తీసుకురండి."

"అదెంతపనండీ, మావారు వెతుకుతారు," అంది భార్య.

మరుగుదొడ్లు బ్రహ్మాండంగా నడుస్తున్నాయి. ఇంజనీరు ఇంకా వెతుకుతున్నాడు.