తిరగబెట్టని గడ్డ

“ఇకపై ఈ దేశంలో కోసి తీసిన గడ్డ ఏదీ తిరగబెట్టదు!” అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆయన మా బావ. ఆ చారిత్రక ఘట్టంలో మైకు వైరు పట్టుకునే భాగ్యం నాకు దక్కింది.

ఆ మధ్య డాక్టర్ల సదస్సులో బావ కాసేపు మేలుకునే ఉన్నారు. ఆపరేషన్లో రక్తం ఎలా ఆపారు, గాయం ఎలా మూశారు అన్నదాన్ని బట్టి గడ్డ తిరగబెట్టే అవకాశం మారుతుందేమో అని ఎవరో అన్నారు. ఆ ‘ఏమో’ దగ్గర బావకు మళ్లీ కునుకు పట్టింది.

ప్రజలకు ఆదర్శంగా ముందు తన మెడ వెనక ఉన్న నిమ్మకాయంత గడ్డనే తీయించుకుంటానన్నారు. అక్క బెంగతో అన్నం మానేసింది.

ఆపరేషన్ బల్ల మీద బావ బోర్లా పడుకున్నారు. పక్కన నన్నూ నిలబెట్టుకున్నారు. మెడకు మత్తు సూది వేసి, సర్జన్ చర్మం కోశాడు.

“ఆగవయ్యా! రక్తం ఎలా ఆపుతావు?”

“కరెంటుతో కాలుస్తామండీ.”

“చార్జీలు పెంచింది మొన్ననే. జనం తిడతారు. చేత్తో అదిమిపెట్టు.”

నర్సు అదిమింది.

“మూసేదెలా?”

“జిగురు పెట్టొచ్చు, కుట్లు వేయొచ్చు. దేంతో తక్కువ తిరగబెడుతుందో ఇంకా తేలలేదండీ. అసలు ముందు...”

“జిగురా? కుర్చీకి అతుక్కుపోయానని కార్టూన్లు వేస్తారు. కుట్లంటే కుట్రలని అచ్చేస్తారు. పార్టీ వాళ్లని అడగాలి. బావమరిదీ, ఫోన్ పట్టు!”

పట్టాను. పార్టీ పెద్దలు రెండు వర్గాలుగా చీలి, అరిచి, అలిగి, చివరికి జెండా రంగు దారంతో కుట్లకు ఒప్పుకున్నారు. ఈలోగా మత్తు దిగింది.

“చచ్చాన్రా! మూసెయ్!”

“సార్, ఇంకా లోపల...”

“మంత్రిని చెబుతున్నా, మూసెయ్!”

మూసేశాడు. కుట్లు మల్లెమాల కట్టినంత పొందిగ్గా ఉన్నాయి.

కట్టు విప్పిన రోజు అక్క మెడ తడిమి చూసింది. “ఏవండీ! ఇది ఇక్కడే ఉందేమిటి?”

బావ సర్జన్ని పిలిపించారు. “ఏమయ్యా, తిరగబెట్టిందా?”

“లేదండీ. అసలు మనం దాన్ని...”

“లేదన్నావుగా? అంతవరకు చాలు.”

సాయంత్రం మెడకు మఫ్లర్ చుట్టుకుని, విలేకరుల ముందు సర్జన్ భుజం తట్టి, “తిరగబెట్టలేదు!” అన్నారు. హాలు చప్పట్లతో మారుమోగింది.

అక్క మాత్రం మూలన నిలబడి, ఇంకో సర్జన్ని ఫోన్లో బతిమాలుతోంది.

“మీ దగ్గర మత్తు... నోటిక్కూడా ఇస్తారాండీ?”