సర్వేయరు తాత డబ్బా

శనివారం పొద్దున ఆదినారాయణ వేసుకున్న పథకం చాలా చిన్నది. మోపెడ్ మీద జమ్మలమడుగు దాటి వెళ్లడం, అక్కడి పొలాల్లో ఒకచోట స్టీలు డబ్బా దాచడం, పన్నెండింటికల్లా ప్రొద్దుటూరు తిరిగొచ్చి సంగటి తినడం. ముప్పై నాలుగేళ్లు సర్వేయరుగా పనిచేసి, ఎవరి చేను ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీత గీసి చెప్పిన మనిషి ఆయన. రిటైరై మూడేళ్లయింది. ఒక డబ్బాకు చోటు చూడటం ఎంతసేపటి పని అనుకున్నాడు, పాపం.

డబ్బా మనవరాలు సహస్ర కోసం. ఆ పిల్ల నేర్చిన కొత్త ఆట పేరు జియోకాచింగ్. అది నోరు తిరగక ఆదినారాయణ 'డబ్బాలాట' అంటాడు. ఒకరు ఆరుబయట డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు పంపుతారు. మిగతావాళ్లు ఫోను చూసుకుంటూ వచ్చి వెతుకుతారు. దొరికితే లోపలున్న పుస్తకంలో పేరు రాసి డబ్బా మళ్లీ అక్కడే పెట్టాలి. అంతే ఆట.

కానీ సహస్రకు ఇది అంతే కాదు. జూన్‌లో అల్లుడికి పులివెందులకు బదిలీ అయింది. పదకొండేళ్ల పిల్ల కొత్త బడిలో చేరింది. మధ్యాహ్నం అన్నం దగ్గర తన పక్కన ఎవ్వరూ కూర్చోరని ఒకరోజు తాతకు ఫోనులో చెప్పి ఏడ్చింది. ఎవరికీ చెప్పొద్దని మరీ మరీ చెప్పింది. ఆదినారాయణ అయిదు నిమిషాలు ఓర్చుకుని కూతురు పావనికి చెప్పేశాడు. పావని టీచరుకు చెప్పింది. ఆ మహాతల్లి సహస్రను తరగతి ముందు నిలబెట్టి, "ఈ అమ్మాయితో అందరూ స్నేహం చేయండి" అని చాటింపు వేసింది. ఆ పైన నెల రోజులు మనవరాలు తాతతో మాట్లాడలేదు. ఆ నెలలో ఆయన రెండు కిలోలు తగ్గాడు.

మొన్న బుధవారం మళ్లీ ఆ గొంతు వినబడింది.

"నలుగురు వస్తామన్నారు తాతా, ఆదివారం. డబ్బా దొరకలేదనుకో, ఇంక నా పక్కన ఎవురూ కూర్చోరు. యాడ పెట్టేది ఎవురికీ చెప్పొద్దు. అవ్వకు గూడా. నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టు తల్లీ. చచ్చినా చెప్పను."

అందుకే మోపెడ్ తీస్తుంటే భార్య సుశీలమ్మ "యాడికి పోతాండావు?" అనడిగితే ఆయన "ఊరికే" అన్నాడు.

"ఊరికేనా? ఆ సంచిలో ఏంది?"

"ఊరికే."

వీధి చివరి కబురు కూడా గడపలోనే కక్కేసే మొగుడు ఇలా ఒక్క ముక్కతో సరిపెట్టడం సుశీలమ్మ ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో ఎన్నడూ చూడలేదు. వొంట్లో బాగుందో లేదోనని నుదురు తాకి చూసి మరీ పంపింది.

ఎనిమిదిన్నరకు ఆదినారాయణ జమ్మలమడుగు దాటి, తను ఒకప్పుడు కొలిచిన పల్లెకు చేరాడు. అక్కడ కమాల్ బాషా చీనీ తోట, అంటే బత్తాయి తోట, గట్టు మీద రాళ్లకుప్ప ఉంది. కమాల్ బాషా పదిహేనేళ్లు కువైట్‌లో డ్రైవరుగా చేసి, వచ్చి నాలుగెకరాలు కొని, బోరు వేసి, బిడ్డల్ని సాకినట్టు చీనీ చెట్లను సాకుతున్నవాడు. రాళ్లకుప్ప బాగుందనిపించింది ఆదినారాయణకు. పాత అలవాటు ఊరుకుంటుందా? గట్టు మూల నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. ఎండకు వీపు పెట్టి ఫోనులో అంకెలు చూశాడు. జేబులోంచి చీటీ తీసి రాసుకున్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ పల్లె మీదుగా బైపాస్ రోడ్డు పడుతుందన్న మాట అయిదేళ్లుగా నానుతోంది. పడేది ఎవరి చేలో అన్నది దేవుడికే తెలియాలి. అలాంటి ఊళ్లో పాత సర్వేయరు గట్టు మీద నిలబడి అంకెలు రాసుకుంటే ఏమవుతుంది?

కమాల్ బాషా మోటారు ఆపేసి పరుగున వచ్చాడు. "సలాం సార్. ఏంది సార్, ఇట్లొచ్చినారు?"

"ఊరికే బాషా."

"ఊరికేనా సార్?"

"ఊరికేనప్పా."

కమాల్ బాషా మొహం పాలిపోయింది. సర్వేయరు నోట ఆ మాట విన్న రైతుకు గుండె నిలుస్తుందా! అంతలో ఆదినారాయణ కాలికి చురుక్కుమంది. రాళ్లకుప్ప నిండా ఎర్రచీమలు. పిల్లలు చెయ్యి పెడితే? వద్దు. ఆయన చీటీలో అంకెలు కొట్టేసి, డబ్బా సంచిలో వేసుకుని పక్క చేలోకి దిగాడు. కమాల్ బాషా ఆకాశం కేసి చూసి రెండు చేతులూ ఎత్తాడు.

పక్క చేను స్వర్ణలతది. మొగుడు కలమల్లలో కరెంటు ఫ్యాక్టరీలో డ్యూటీలకు పోతే సేద్యమంతా ఆమే చూసుకుంటుంది. ఆమె చెనిక్కాయ (వేరుశనగ) చేను చివర వేపచెట్టుకు తొర్ర ఉంది. ఆదినారాయణ మళ్లీ అడుగులు లెక్కపెట్టాడు, మళ్లీ రాసుకున్నాడు.

"ఏం సార్!" అంటూ స్వర్ణలత కొడవలితోనే వచ్చింది. "ఆయప్ప చేలో నుంచి నా చేలోకి మార్చినారే! ఏం, నేను ఆడదాన్ననా?"

"ఏం మార్చలేదమ్మా. ఊరికే వచ్చినా."

"ఊరికే వచ్చేటోళ్లు రాసుకుంటారా సార్?"

ఒట్టు ఒట్టే కదా. ఆదినారాయణ తొర్రలో చెయ్యి పెట్టి చూశాడు. తనకే మునివేళ్ల మీద లేవాల్సి వచ్చింది, పదకొండేళ్ల పిల్లలకు ఏం అందుతుంది? అక్కడా కొట్టేశాడు. కల్వర్టు కింద చూశాడు. వానొస్తే కొట్టుకుపోతుంది. మళ్లీ రాళ్లకుప్ప దాకా వచ్చాడు. చీమలు తగ్గలేదు. గట్టు మీద అప్పటికి పదిమంది చేరి, ఆయన కుడికి తిరిగితే కుడికి, ఎడమకు తిరిగితే ఎడమకు తిరుగుతున్నారు. ఆయన అంకెలు కొట్టేసినప్పుడల్లా ఒక వైపు నిట్టూర్పు, ఇంకో వైపు ఏడుపు మొహాలు.

చివరికి ఒంటిగంటకు, జనం అన్నాలకు పోయిన సందు చూసుకుని, రెండు చేల మధ్య విరిగి పడి ఉన్న హద్దురాయి కింద డబ్బా పెట్టేశాడు. అంకెలు సహస్రకు పంపేశాడు. "థాంక్యూ తాతా" అని జవాబొచ్చింది. పక్కనే ఎర్రటి గుండె బొమ్మ కూడా ఉంది. ఆదినారాయణ ఆ బొమ్మను దారి పొడుగునా మూడుసార్లు మోపెడ్ ఆపి చూసుకున్నాడు.

సాయంత్రం ప్రొద్దుటూరులో ఇంటి ముందు ఆటో ఆగింది. కమాల్ బాషా, ఇంకో ఇద్దరు రైతులు, ఒక మూట చీనీకాయలు దిగాయి.

"ఒక్క మాట చెప్పండి సార్, యాడ పోతాదో. ఆ చెట్లు పోతే నేను మళ్లా కువైట్‌కే పోవాల," అన్నాడు కమాల్ బాషా. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆదినారాయణకు అతని భయం దేని గురించో అప్పటికి అర్థమైంది. చెప్పేద్దామని నోరు తెరిచాడు. మనవరాలి మొహం కళ్ల ముందు కదిలింది. నోరు మూశాడు.

"బాషా, నీ చేనుకేం కాదు. నన్ను నమ్ము. రేపు మధ్యాహ్నానికి అంతా తేలిపోతాది."

అది ధైర్యం చెప్పడమని ఆయన అనుకున్నాడు. రేపు మధ్యాహ్నమే గడువని వాళ్లు అర్థం చేసుకున్నారు. కాఫీ కూడా తాగకుండా లేచిపోయారు.

"ఏం చేసొచ్చినావయ్యా ఆడ?" అంది సుశీలమ్మ, చీనీకాయల మూట వంక చూస్తూ.

"ఊరికే," అన్నాడు ఆదినారాయణ. ఈసారి ఆయన గొంతు ఆయనకే వినబడలేదు.

ఆదివారం పదిగంటలకు పావని కారు పొలం దగ్గర ఆగింది. సహస్ర, వెనకాలే నలుగురు అమ్మాయిలు దిగారు. ఆదినారాయణ మోపెడ్ వెనక కూర్చుని సుశీలమ్మ కూడా పట్టుబట్టి అన్నం క్యారియర్లతో వచ్చింది. సహస్ర ఫోను పట్టుకుని దొరసానిలా ముందు నడిచింది. సరిగ్గా హద్దురాయి దగ్గర ఆగింది. నలుగురూ చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్నారు. రాయి ఎత్తారు.

కింద మట్టి తప్ప ఏమీ లేదు.

పక్కన తవ్వారు, గడ్డి పీకారు, గట్టు రెండు వైపులా వెతికారు. రేష్మా అనే పిల్ల లేచి చేతులు దులుపుకుంది. "నిజంగా పెట్టినారా సహస్రా? లేక ఊరికే చెప్పినావా?" మిగతా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సహస్ర మెల్లగా తాత వైపు తిరిగింది.

"ఎవురికైనా చెప్పినావా తాతా?"

ఆదినారాయణకు ఏడుపొచ్చింది. అరవై మూడేళ్ల మనిషి, నిలువునా నీరైపోయాడు. "లేదు తల్లీ! నీ మీద ఒట్టేసినా గదా. మీ అవ్వను అడుగు. ఈసారి ఎవ్వరికీ చెప్పలేదు!"

తెల్లారింది మొదలు తోటలో కాపలా కాస్తున్న కమాల్ బాషా ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఆయనకూ ఆ వయసు కూతురుంది. ఇక ఆగలేక గట్టెక్కి వచ్చాడు.

"మీ తాత తప్పేం లేదు పాపా. శానా అడిగినాం, నోరు మెదపలేదు. మెదిపింటే ఈ గోలే ఉండదు. డబ్బా తీసింది నేను."

"నువ్వా!" అన్నాడు ఆదినారాయణ.

"తోటలోంచి చూసి, మీరు అట్ల పోతానే తీసినా సార్. డబ్బా యాడుంటే రోడ్డు ఆడ పోతాది గదా అని, తీస్కపోయి స్వర్ణలతక్క గడ్డివాములో దోపినా."

"రోడ్డేంది?" అంది సహస్ర.

ఇక ఒట్టు లేదు. ఆదినారాయణ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కమాల్ బాషా గట్టు మీద కూలబడి, తల పట్టుకుని, కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వులో సగం ఏడుపే. సుశీలమ్మ మాత్రం నవ్వలేదు. నాలుగు రోజులు ఒక్క మాట కడుపులో దాచుకున్న మొగుణ్ని కొత్తగా చూసింది.

పిల్లలు అప్పటికే గడ్డివాము వైపు పరుగు. వాళ్ల వెనక కమాల్ బాషా, ఆయన వెనక ఆదినారాయణ. గడ్డివాము సగం పీకాక స్వర్ణలత బయటికొచ్చింది.

"ఏందప్పా మీ దౌర్జన్యం! డబ్బానా? తెల్లారే చూసినా. నా వాములో ఉంచుకుంటానా? రహమతుల్లా టీ అంగట్లో పెట్టొచ్చినా. ఆయప్పకు సెంటు భూమి ల్యా. రోడ్డు ఆయన మీద పడేదెట్ల?"

మళ్లీ పరుగు. ఈసారి స్వర్ణలత కూడా. "ఇంకా యాడికో పోయింటాది!" అని అరుస్తూ అందరికంటే ముందు పోయింది రేష్మానే. సహస్ర చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

రోడ్డు మీద టీ అంగట్లో బిస్కెట్ల సీసాల మధ్య స్టీలు డబ్బా మెరుస్తోంది. రహమతుల్లా దాన్ని రెండు చేతులతో తెచ్చి ఆదినారాయణకే అందించాడు.

"భద్రంగా పెట్టినా సార్. పొద్దున నుంచి అందరూ సంతకాలు చేసి పోతాండారు."

"సంతకాలా?"

సహస్ర డబ్బా తెరిచి పుస్తకం తీసింది. ఆదినారాయణ స్కేలు పెట్టి గీసిన గళ్లు: వరుస నెంబరు, పేరు, ఊరు, తేదీ, సంతకం, రిమార్కులు. దాన్ని ఆ ఊళ్లో ఎవరైనా ఏమనుకుంటారు? అభ్యంతరాల రిజిస్టరే అనుకున్నారు. ఒకటో నెంబరు స్వర్ణలత: 'బోరు ఉండాది. అభ్యంతరం.' రెండో నెంబరు ఖమర్‌బీ: 'బిడ్డకు రాసిచ్చిన చేను. అభ్యంతరం.' అలా ఇరవై మూడు. చివరిది రహమతుల్లాది: 'భూమి లేదు. అయినా అభ్యంతరం.'

"నేను లేకుండానే అయిపోయినాయా?" అని కమాల్ బాషా నొచ్చుకున్నాడు.

సహస్ర మాత్రం పేర్లు లెక్కపెట్టి కెవ్వుమంది. "ఇరవై మూడు మందికి దొరికింది తాతా! ఒక్కరోజులో! ఫోనులో చూస్తే ఒక్కో డబ్బాకు ఏడాదికి ఇద్దరో ముగ్గురో అంతే!"

"మేం చదివే బడిలో ఎవురి తాతా ఇట్ల ఊరినంతా ఆడించలేదు," అంది రేష్మా గంభీరంగా. "వచ్చే ఆదివారం గూడా వస్తాం."

టీ అంగడి ముందు చాప పరిచి సుశీలమ్మ క్యారియర్లు విప్పింది. సహస్ర పక్కన కూర్చోవడానికి ఒకవైపు రేష్మా, ఇంకోవైపు ముగ్గురూ తోసుకున్నారు. ఆదినారాయణ చూసి చూడనట్టు అటు తిరిగి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఎండ," అన్నాడు కమాల్ బాషాతో. కమాల్ బాషా ఒక చీనీకాయ ఒలిచి ఆయన చేతిలో పెట్టాడు.

పోయే ముందు పిల్లలు పుస్తకం ముందేసుకున్నారు. సహస్ర ఇరవై నాలుగో నెంబరు వేసి, పేరు, ఊరు, తేదీ రాసి, సంతకం పెట్టి ఆగింది.

"ఈ చివరి గడిలో ఏం రాయాల తాతా?"

"నీ ఇష్టం తల్లీ."

ఆ పిల్ల పైనున్న ఇరవై మూడూ ఒకసారి చదివి, పెన్సిలు కొరికి, గుండ్రటి అక్షరాలతో రాసింది: 'అభ్యంతరం లేదు.'