'పెనుకొండ 2099'పై పాఠకుల అభిప్రాయాలు

భవిష్యత్ ప్రణాళికా సంస్థ అధ్యక్షులు, ముందడుగు పార్టీ ముద్దుబిడ్డ తిమ్మరాజు గారు హిందూపురంలో పత్రికలవాళ్ళను పిలిచి, మన ప్రాంతం వెనకబాటుకు కారణం కాలమేననీ, ఆ కాలాన్నే దాటేస్తే సరిపోతుందనీ ప్రకటించారు. అందుకు తొలి మెట్టుగా వారి అల్లుడు హీరోగా 'పెనుకొండ 2099' అనే సినిమా రాబోతోంది. కోటలో కాలయంత్రం ఎక్కినవాడు 2099లో దిగుతాడు. సినిమాకంటే ముందు అదే కథ నవలగా వస్తుంది. నవలకంటే ముందు పాఠకుల అభిప్రాయాలు వస్తాయి.

ఈ చివరి మాట వినగానే మూల నిలబడ్డ యూనస్ ఇంకాస్త మూలకు జరిగాడు. ఆ అభిప్రాయాలు తేవాల్సింది తనే మరి.

పట్టుగూళ్ళ మార్కెట్ వెనక సందులో ఉన్న పఠనమందిరానికి ఇన్‌చార్జి యూనసే, అటెండరు యూనసే, చీపురు పట్టేదీ యూనసే. రేకుల కప్పు జల్లెడైపోయింది. పోయిన ఏడాది వానకు చరిత్ర బీరువా నానిపోయి, విజయనగర చరిత్ర నాలుగు సంపుటాలూ ఒకటే సంపుటమైపోయాయి. ఇంకొక్క వాన పడితే మందిరానికి తాళమే. పదకొండేళ్ళు బిడ్డలా సాకిన గది. తలుచుకుంటే అతనికి అన్నం దిగదు.

"ఐదునూర్ల అభిప్రాయాలు తేప్పా. కప్పు సంగతి నేను సూసుకుంటా," అన్నారు తిమ్మరాజు గారు.

"పుస్తకం ఇస్తే సదివిస్తా సార్."

పక్కనున్న పీఏ బాలాజి జాలిగా చూశాడు. నవల రాసింది అతనే. అట్ట మీద పేరు తిమ్మరాజు గారిది.

"అభిప్రాయాలు వెనకట్ట మీద అచ్చెయ్యల్ల. అట్ట రెడీ అయితేనే గదా బైండింగు? బైండింగయితేనే గదా పుస్తకం? మొదటికే అడ్డం పడ్తాండావేందబ్బా!" అన్నాడు బాలాజి.

ఇంత స్పష్టంగా చెప్పాక కాదనడానికి యూనస్ ఎవరు? రిజిస్టరు చంకన పెట్టుకుని బయల్దేరాడు. హిందూపురం బస్టాండులో బెంగళూరు బస్సు ఎక్కుతున్న పెద్దమనిషి, "శానా బాగుండాది. ఏందది?" అన్నాడు. పెనుకొండలో టీ తాగుతున్నాయన, "రెండుసార్లు సదివినానని రాసుకో. పెద్దోళ్ళతో మనకెందుకు?" అన్నాడు. ధర్మవరంలో నేతగాడు మగ్గం దిగకుండానే, "పక్కింటాయన ఏం జెప్పినాడో అదే రాసుకోప్పా," అన్నాడు. పక్కింటాయన కూడా సరిగ్గా అదే చెప్పాడు. యూనస్ ఇద్దరికీ 'అద్భుతం' అని రాశాడు.

మూడు రోజుల్లో నాలుగునూర్ల తొంభైతొమ్మిదయ్యాయి. ఐదునూరోది కుళ్ళాయమ్మ దగ్గర ఆగిపోయింది. మార్కెట్లో ఊడ్చే పని ముగించుకుని రోజూ మందిరానికొచ్చి చదివే ఏకైక పాఠకురాలు ఆమె. అతుక్కుపోయిన విజయనగర చరిత్రను కూడా గోటితో విడదీసి చదివిన మనిషి.

"సదవకుండా ఎట్ల జెప్పేదప్పా?" అంది.

"ఒక్క మాటక్కా. కప్పు కోసం."

"కప్పు పడితే పడనీ. నోట్లోంచి అబద్ధం పడగూడదు."

చేసేదేముంది? ఆ చివరి గడిలో యూనస్ తన పేరే రాసి, 'కన్నీళ్ళు ఆగలేదు' అని పెట్టాడు. అందులో సగం నిజమే.

పుస్తకం ధర్మవరంలో చీరల పెట్టెలు చేసే ప్రెస్సులో అచ్చయింది. పోయిన ఎన్నికలకు పార్టీ మేనిఫెస్టో వేసింది కూడా ఆ ప్రెస్సే. నవల నూటిరవై పేజీలు ఉండాలని తిమ్మరాజు గారి ఆజ్ఞ. బాలాజి రాసింది ముప్పైరెండు. అయినా పుస్తకం నూటిరవై పేజీలతోనే వచ్చింది. మెరిసే లామినేషన్ అట్ట, ముందు బంగారు రంగు బొమ్మ, వెనక ఐదునూర్ల అభిప్రాయాలు చీమల బారులా. అందరూ బాలాజిని మెచ్చుకున్నారు. బాలాజి కూడా బాలాజిని మెచ్చుకున్నాడు.

పెనుకొండలో ఆవిష్కరణ సభ. ఆడవాళ్ళ ముందు వరసలో మొదటి ప్రతి కుళ్ళాయమ్మ చేతిలో పడింది. ఉపన్యాసాలు సాగుతుండగానే ఆమె చదివేసి, యూనస్ దగ్గరికొచ్చింది.

"యూనసప్పా, ఇది నేను సదివిన పుస్తకమే."

"ఇప్పుడే గదక్కా ఇచ్చింది!"

"ముప్పైరెండో పేజీలో వాడు మిషను ఎక్కుతాడు. ముప్పైమూడు నుంచీ పోయిన ఓట్లప్పుడు గడపగడపకూ పంచినారు గదా మేనిఫెస్టో, అదే."

యూనస్‌ వేదిక వెనక్కి పరిగెత్తి బాలాజి చెవిలో ఊదాడు.

"నువ్వు సదివినావా?" అన్నాడు బాలాజి తెల్లబోయి.

"లేదు. నువ్వు?"

"నేను రాసినా గానీ సదవలేదప్పా!"

అప్పటికే తిమ్మరాజు గారు మైకు ముందు పుస్తకం మధ్యకు తెరిచారు. "2099లో ఏముంటాదో వినండి!" అని గర్జించారు. "ధర్మవరం నేతన్నలకు ఇంటికో కొత్త మగ్గం!" చప్పట్లు. "పెనుకొండకు రోజూ తాగునీళ్ళు!" ఈలలు. "హిందూపురం పఠనమందిరానికి ఏడాదిలోపు కొత్త కప్పు!" అయిదేళ్ళ కిందట ఎక్కడెక్కడ చప్పట్లు పడ్డాయో, సరిగ్గా అక్కడే పడ్డాయి. యూనస్ చేతులు కూడా అతణ్ణి అడక్కుండానే కలిశాయి.

"ఇంత ముందుచూపు నాకు యాడిదబ్బా!" అని తిమ్మరాజు గారు కళ్ళు తుడుచుకున్నారు.

సభ ముగిశాక యూనస్ చేతులు నలుపుకుంటూ వెళ్ళాడు. "సార్, కప్పు..."

"నలభైయొకటో పేజీ సూడు. అచ్చులో పడిపాయె! ఇంగేం కావల్ల నీకు?"

అమ్ముడుపోని మూడునూర్ల ప్రతులు ఆటోలో పఠనమందిరానికి బహుమతిగా వచ్చాయి. ఆ మూటల వెనకే లేపాక్షి వైపు నుంచి మబ్బు కూడా వచ్చింది. యూనస్ బకెట్లు వెతుక్కుంటుంటే కుళ్ళాయమ్మ ఒక ప్రతి తీసి, అట్ట మీద చెంబుతో నీళ్ళు పోసింది. నీళ్ళు జారిపోయాయి.

"చీరల పెట్టె అట్టప్పా. చుక్క దిగదు. దబ్బనం తే."

ఇద్దరూ కూర్చుని మూడునూర్ల అట్టలూ ఊడదీసి, ఒకదానిమీదొకటి పెంకుల్లాగా కుట్టి, రేకుల కింద తాళ్ళతో లాగి కట్టారు. బంగారు బొమ్మ పైకి, వెనకట్ట కిందికి. అట్టలూడిన పుస్తకాలను కుళ్ళాయమ్మ చరిత్ర బీరువాలో సర్దింది. ఆ రాత్రి వాన దంచికొట్టింది. యూనస్ గదిలోనే పడుకుని, ఏడాది తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

సంగతి ఎలా తెలిసిందో గానీ, తెల్లారేసరికి బాలాజి ఫోటోగ్రాఫరుతో సహా దిగాడు. మరుసటి రోజు పత్రికకు వార్త అప్పుడే రాసి తెచ్చాడు: '2099 హామీ డెబ్భై ఏళ్ళ ముందే పూర్తి. పఠనమందిరానికి కొత్త కప్పు వేసిన తిమ్మరాజు.'

"అక్కా, ఇప్పుడన్నా సదివినావు గదా. రెండో ముద్రణకు ఒక అభిప్రాయం జెప్పు," అన్నాడు కలం తీసి.

కుళ్ళాయమ్మ తలెత్తి చూసింది. నెత్తిమీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అద్భుతం, మహాద్భుతం, రెండుసార్లు చదివాను, కన్నీళ్ళు ఆగలేదు.

"కారలేదు," అంది.

బాలాజి రాసుకున్నాడు.