నల్లగండ్ల వైఫై హత్య

“సైబరాబాద్‌లో నేరం చేసినవాడు ఇద్దరి కళ్లు కప్పలేడండి. ఒకరు పైనున్న దేవుడు. రెండో మనిషి పేరు నా నోటితో నేనే చెప్పుకుంటే బాగుండదు,” అన్నాడు ఇమ్మాన్యుయేల్, రాజేందర్ ఇంట్లో రాజేందర్ కోసం పెట్టిన ఇడ్లీని చట్నీలో ముంచుతూ.

ఆ రెండో మనిషి హైటెక్ సిటీలో ఒక ఐటీ కంపెనీకి క్యాబులు పంపే డెస్కులో కూర్చుంటాడు. ఏ కారు వచ్చింది, ఎవరు ఎక్కారు, ఎవరు ఎగ్గొట్టారు అని చూసుకోవడమే పని. దాన్ని ఆయన ‘నిఘా విభాగం’ అంటాడు. నల్లగండ్లలో రాజేందర్ వాళ్ల ఫ్లాట్‌కు సరిగ్గా పైన కాపురం. అపార్ట్‌మెంట్‌లో ఇప్పటిదాకా చాలా కేసులే పట్టాడు. లిఫ్టు దగ్గర మాయమైన చెప్పు చివరికి ఆయన కాలికే దొరికింది. మిగతావాటి సంగతి అడిగితే దర్యాప్తు సాగుతోందంటాడు.

ఈయనను పిలవాలన్న ఉద్దేశం రాజేందర్‌కు ఏ కోశానా లేదు. పిలవలేదు కూడా. పొద్దున్నే రాజేందర్ భార్య మమత “నా వైఫై సచ్చింది” అని అరిచిన అరుపు కిటికీలోంచి పైకి పోయింది. అందులో ‘సచ్చింది’ అన్న ఒక్క ముక్క చెవిన పడటమే ఆలస్యం, ఆయన నల్లకళ్లద్దాలు పెట్టుకుని మెట్లు దిగి వచ్చేశాడు.

పాపం, మమత బాధ మాత్రం నవ్వులాట కాదు. బాబు పుట్టాక ఉద్యోగం మానేసింది. వాడు బడికి పోవడం మొదలయ్యాక మళ్లీ ప్రయత్నిస్తే, మధ్యలో ఖాళీ ఎందుకుందని అడిగినవాళ్లే తప్ప రమ్మన్నవాళ్లు లేరు. ఎన్నాళ్లకో ఒక కంపెనీ పలికింది. ఇవాళ పదకొండింటికి ఆన్‌లైన్ పరీక్ష. గదిలో ఒక్కతే కూర్చుని ల్యాప్‌టాప్ కెమెరా ముందే రాయాలి. ఫోన్‌లో కుదరదు, ఇంకో రోజు ఇవ్వరు. తమ్ముడు కిందటి వారం ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ వేసుకుంది. నిన్న సాయంత్రం వరకు అది బంగారంలా నడిచింది. ఇప్పుడు పది దాటింది, నెట్ లేదు. ఫోన్ నెట్ ఇద్దామంటే ల్యాప్‌టాప్ ఏ సిగ్నల్‌నూ అందుకోవడం లేదు. ఇంట్లో ఉన్న ఒక్క కేబులూ చార్జింగ్ తప్ప మరేదీ ఎక్కించదు. భార్య మొహం చూస్తుంటే రాజేందర్‌కు ఇడ్లీ పోయిన బాధ కూడా గుర్తుకు రాలేదు.

మమత బల్ల దగ్గర కూర్చుని నల్ల తెర మీద టకటకా ఏదో కొట్టింది. ఇమ్మాన్యుయేల్ ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

“ఆగండి. అదేంటండి ఇప్పుడు కొట్టారు?”

“ఆర్‌ఎఫ్‌కిల్ అన్నా. వైఫైని ఏది ఆపిందో చెప్తది.”

“కిల్,” అన్నాడాయన, కళ్లద్దాలు మెల్లగా తీసి. “రాజేందర్ గారూ, ధైర్యంగా ఉండండి. ఆర్ అంటే రాజేందర్. ఎఫ్ అంటే ఫ్యామిలీ. కిల్ అంటే మీకు నేను చెప్పక్కర్లేదు.”

“ఆర్‌ఎఫ్ అంటే రేడియో ఫ్రీక్వెన్సీ అన్నా,” అన్నది మమత తల ఎత్తకుండా.

“బయటికి అలాగే చెబుతారండి. ఇది ఎవరు తయారుచేశారు?”

“లినక్సోళ్లు. ఊకెనే ఇస్తరు. ఎవ్వరన్నా వాడుకోవచ్చు.”

“ఊరికే ఇస్తారా?” ఇమ్మాన్యుయేల్ రాజేందర్ వైపు అదోలా చూశాడు. “పైసా తీసుకోకుండా రాత్రింబవళ్లు పనిచేసే ముఠా ప్రపంచంలో ఎక్కడైనా ఉందాండి? వాళ్ల మీద నాకు ఎప్పట్నుంచో అనుమానం.”

“అన్నా, నీకు డ్యూటీ లేదా ఇయాళ?” అని అడిగాడు రాజేందర్.

“డ్యూటీలోనే ఉన్నాను కదండి.”

తెర మీద జవాబు వచ్చింది. సాఫ్ట్ బ్లాక్డ్: నో. హార్డ్ బ్లాక్డ్: యెస్. మమత నుదురు పట్టుకుంది.

“గిదే లొల్లి. సాఫ్ట్ నో అంటే లోపలి సాఫ్ట్‌వేర్ ఏం ఆపలే. హార్డ్ యెస్ అంటే మిషిన్ మీదనే యాడనో వైఫై స్విచ్ ఉంది, అది బంద్ అయింది. అది చేత్తోని వేస్తనే వస్తది, ఏం కొట్టినా రాదు. గా స్విచ్ యాడుందో దొరుకుతలేదు. అన్ని బటన్లు నొక్కిన. తమ్ముడేమో ఫోన్ ఎత్తుతలేడు.”

ఇంత విడమరిచి చెప్పినా, ఇమ్మాన్యుయేల్ చెవికి ఎక్కినవి రెండే మాటలు. ఆయన గదిలో అటూ ఇటూ నడిచాడు. సోఫా కాలు తగిలి ఆగాడు.

“సాఫ్ట్ నో, హార్డ్ యెస్. నేరం చేసింది మెత్తని మనిషి కాదు. గట్టి మనిషి. ఈ ఇంట్లో గట్టి మనిషి ఎవరండి?”

రాజేందర్ కళ్లు తన ప్రమేయం లేకుండానే వంటింటి వైపు తిరిగాయి. మమత కళ్లూ అటే పోయాయి.

వంటింట్లో ఈరమ్మ పప్పు తాలింపు పెడుతోంది. రాజేందర్ తల్లి. మనవడిని చూసుకోవడానికి జనగామ దగ్గరి ఊరి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. కూరగాయల బండివాడి దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ సెక్రటరీ వరకు ఎవరినైనా కడిగిపారేసే మనిషి, కోడలి ఉద్యోగం మాటెత్తితే మాత్రం నోరు విప్పదు. మంచిదనదు, వద్దనదు. ఆ మౌనమే మమతను తినేస్తోంది. మీ అమ్మకు నేను నౌకరికి పోవుడు ఇష్టం లేదని రాత్రి కూడా రాజేందర్‌తో అన్నది. అతను దుప్పటి కప్పుకుని నిద్ర నటించాడు.

“అమ్మగారూ, కొంచెం ఇలా వస్తారా? భయపడకండి, మామూలు విచారణే,” అన్నాడు ఇమ్మాన్యుయేల్.

ఈరమ్మ గరిటెతో సహా వచ్చింది. ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు.

“నిన్న రాత్రి ఎక్కడున్నారండి?”

“యాడుంట బిడ్డా, ఇంట్లనే ఉన్న.”

“ఈ ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లారా?”

ఈరమ్మ గరిటెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. “బల్ల మీదనే ఉంటది గదా. దుమ్ము తుడిచిన,” అన్నది చివరికి.

“తుడిచారు. అంటే వేలిముద్రలు చెరిపేశారు.”

“అత్తమ్మా, దాన్ని ముట్టొద్దని చెప్పిన గదా,” అన్నది మమత. “నేను పోవుడు ఇష్టం లేకుంటే నాతోని చెప్పొచ్చు గదా.”

ఈరమ్మ కోడలిని చూసింది, గరిటెను చూసింది, తల దించుకుంది. ఆ మనిషి తల దించుకోవడం రాజేందర్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కోపమంతా పక్కనున్నాయన మీదికి మళ్లింది.

“ఇమ్మాన్యుయేలన్నా, ఇగ నువ్వు నడువు. మా ఇంట్ల మంట పెట్టకు.”

“ఇంకొక్క నిమిషం. శవాన్ని చూడకుండా వెళ్లడం మా పద్ధతి కాదండి.”

ఎవరూ ఆపేలోపే ఆయన ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. దాదాపు కింద పడేశాడు. ఉన్నట్టుండి బిగుసుకుపోయాడు.

“ఎవరూ కదలకండి. రక్తం.”

ముందువైపు అంచున, అరచేతులు ఆనే చోటికి కింద, ఎర్రటి చుక్క ఒకటి ఎండిపోయి ఉంది. కందిపప్పు బద్దంత.

“శాంపిల్ తీయాలి. పరికరాలు పైన మరిచాను,” అంటూ ఇమ్మాన్యుయేల్ బొటనవేలి గోరుతో దాన్ని గీకాడు. రాలేదు. పళ్లు బిగించి పక్కకు గట్టిగా గీకాడు. టిక్కుమంది.

“చూశారా, ఎంత గట్టిగా అంటుకుందో. అంటే హత్య రాత్రే జరిగింది.”

చేతుల్లోని ల్యాప్‌టాప్ టింగుమంది. మళ్లీ టింగుమంది. ఇమ్మాన్యుయేల్ గొంతు తగ్గించాడు.

“వింటున్నారా? చనిపోయేముందు ఏదో చెప్పాలని చూస్తోంది.”

మమత ఒక్క ఉదుటున వచ్చి ల్యాప్‌టాప్ లాక్కుంది. తెర మూలన వైఫై గుర్తు నిండుగా వెలుగుతోంది. నిన్నటి నుంచి ఆగిన మెయిళ్లు వరసగా వచ్చి పడుతున్నాయి. ఆమె పడకగదిలోకి పరిగెత్తి తలుపు వేసుకుంది. పదకొండు కావస్తోంది.

“సాక్ష్యం తీసుకుపోయారండి,” అన్నాడు ఇమ్మాన్యుయేల్ దిగులుగా.

ఈరమ్మ సోఫా అంచున కూలబడింది. “అది రక్తం గాదు బిడ్డా. కుంకుమ.”

“కుంకుమ ఏందే?” అన్నాడు రాజేందర్.

“నువ్వు పరీక్షలకు పొయ్యేటప్పుడు పెన్నుకు, హాల్ టికెట్‌కు బొట్టు పెట్టి పంపకపోయిన్నా? కోడలికేమో పెన్ను లేదు, హాల్ టికెట్ లేదు. ఉన్నదల్లా గా డబ్బనే. మీద పెడితే ఖరాబైతదని లొల్లి చేస్తదాయె. ముందట అంచుకు చిన్న బొడిపె అసొంటిది కనబడ్డది. కుంకుమ తడిపి దానికి పెట్టిన. నిలవాలని జర ఒత్తి పెట్టిన.”

రాజేందర్‌కు బల్బు వెలిగింది. ఆ బొడిపే స్విచ్చు. అమ్మ వేలు దాన్ని ఒక పక్కకు జరిపింది, ఈయన గోరు రెండో పక్కకు జరిపింది. నవ్వాలో ఏడవాలో తెలియక అతను తల్లి పక్కన కూర్చున్నాడు.

“నేను ముందే చెప్పానా లేదా? గట్టి మనిషి అని,” అన్నాడు ఇమ్మాన్యుయేల్. నిజంగానే చెప్పాడు, కాదనడానికి లేదు. “నేరస్థురాలు దొరికారు, ఒప్పుకున్నారు. తేలనిది ఒక్కటే, మోటివ్.” అది తేలేదాకా కదలనని, మిగిలిన ఇడ్లీలు దగ్గరికి జరుపుకున్నాడు.

పరీక్ష ముగించుకుని మమత బయటికి వచ్చింది. “మంచిగనే రాసిన,” అన్నది. రాజేందర్ బొట్టు సంగతి చెప్పాడు. వింటూ వింటూ ఆమె అత్త పక్కన చతికిలబడి, ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది.

“నాకు నౌకరి వచ్చుడు నీకు ఇష్టం లేదనుకున్న అత్తమ్మా. నా తప్పే. కానీ ఒక్క మాట మాట్లాడకపోతివి.”

“మాట్లాడితే నోరు జారుతదని ఊకున్న.”

“ఏం జారుతది?”

ఈరమ్మ గరిటెను చీర కొంగుతో తుడిచింది. ఎంతకీ తుడుస్తూనే ఉంది.

“నీకు నౌకరి వచ్చిందని మనూర్ల అందరికి చెప్పిన.”

“ఇంకా రాలే గదా అత్తమ్మా.”

“గందుకే బొట్టు అంత గట్టిగ ఒత్తిన,” అన్నది ఈరమ్మ.