ఈశాన్యం వాలిన ఉదయం

ఆ ఉదయం మధులతకు ఉన్న పని ఒక్కటే. ఫిజిక్స్ సారు వచ్చేలోగా ప్రహరీ గోడకు కట్టిన నీళ్ల గొట్టాన్ని తుడిచి ఉంచాలి. తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే గొట్టమే అది. ఒక కొస ఈశాన్యం మూల మేకుకు, రెండో కొస నైరుతి మేకుకు కట్టి, రెండు కొసల మీదా నీటిమట్టం దగ్గర గీత గీసింది. నేల ఒకవైపు వాలితే ఆ కొసలో నీళ్లు గీత దాటి పైకొస్తాయి. భూకంపానికి ముందు నేల వాలవచ్చనీ, బోరు నీళ్లలో వాయువులు పెరగవచ్చనీ, అయితే అది ఇంకా రుజువు కాలేదనీ ఆమె చదివింది. సారుకు నచ్చితే ఈ ప్రాజెక్టు జిల్లా సైన్సు ప్రదర్శనకు వెళుతుంది. లేకపోతే ఎప్పటిలాగే వెనక బెంచీ.

చూసేసరికి ఈశాన్యం కొసలో నీళ్లు గీత దాటి ఉన్నాయి. అప్పుడే ఎవరో మోటారు వేశారు. కుళాయిలో నీళ్లు తెల్లగా, బుడగలతో బుస్సుమన్నాయి.

"అమ్మా, నేల వాలినట్టుందే. నీళ్లలో గ్యాసు కూడా ఉందేమో" అంది మెల్లగా.

తల్లి నూకాలు వినేలోపే పక్కవాటా దుర్గారావు విన్నాడు. పోర్టులో క్రేను నడిపే మనిషి. క్రేను చప్పుడును మించి మాట్లాడటం అలవాటు.

"గ్యాసంట. తలుపులు మూసుకోండి."

"భూకంపమైతే తలుపులు మూత్తారేటి? బైటికి రండి" అంది నూకాలు.

ఏది నమ్మాలో తేలక నాలుగు వాటాలవాళ్లూ ముక్కులకు తడిగుడ్డలు కట్టుకుని, ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డారు. ఇంటి యజమాని గురునాథరావు రాజమండ్రి నుంచి వచ్చి స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. పంచె సర్దుకుంటూ మేడ దిగాడు.

"ఏవమ్మాయ్, నా ఇంటికి చెడ్డపేరు తెస్తావా? ముందా గొట్టం పీకెయ్."

"తియ్యనండి."

అంత గట్టిగా అన్నది ఎవరా అని మధులతే ఒకసారి వెనక్కి చూసింది. తర్వాత మళ్లీ ఆయన వైపు తిరిగింది. "భూకంపం వత్తాదని నాను అన్లేదు తాతగారూ. సంగతి తేలీదాకా గొట్టం ఉండాల."

"ఇంతకీ ఎటు వాలిందంట?"

"ఈశాన్యానికండి."

గురునాథరావు ముఖం విప్పారింది. ఈశాన్యం మెరకగా ఉందని, అది వాస్తుదోషమని సిద్ధాంతి చెప్పినప్పటి నుంచి ఆయన వంటగదిని రెండుసార్లు పగలగొట్టించాడు. "ఈశాన్యం పల్లమైందా? ఆ గొట్టం జోలికి ఎవరూ వెళ్లకండి. దుర్గారావ్, ముక్కుగుడ్డ తీసి కొబ్బరికాయ పట్రావయ్యా."

కాయ వచ్చేలోపు మధులత ఆ మూలకు వెళ్లింది. గొట్టం కట్టిన మేకుకే ఎండుచేపల సంచీ వేలాడుతోంది. ఆ బరువుకు మేకు కిందికి వంగింది.

"అమ్మా, ఇదెవరు తగిలించారు?"

"నానే. పిల్లికి అందకుండా. అయితే ఏటి?"

సంచీ తీసి మేకు సరిచేసింది. నీళ్లు గీత దగ్గరికి వచ్చేశాయి. "వాలింది మేకండి, నేల కాదు. బోరులో నీళ్లు తగ్గి మోటారు గాలి పీలుత్తంది. బుడగలు అందుకే."

గురునాథరావు గొంతు తగ్గించాడు. "సారు చూసి వెళ్లేదాకా ఆ సంచీ మళ్లీ అక్కడే ఉంచమ్మా. నీ ప్రాజెక్టుకీ మంచిదేగా."

"ఉంచనండి." ఈసారి ఆమె వెనక్కి చూడలేదు.

సారుకు జరిగిందంతా చేపలతో సహా చెప్పింది. ఆయన చాలాసేపు నవ్వి, "గొట్టంతోపాటు ఆ సంచీ కూడా జిల్లాకి పట్రా. కొలత ఎలా తప్పుతుందో చూపించినవాళ్లు ఇంతవరకూ లేరు" అన్నాడు.

ప్రదర్శన అయ్యాక గొట్టం మళ్లీ గోడ మీదికొచ్చింది. రోజూ అందరికంటే ముందు లేచి దాన్ని చూసేది గురునాథరావే. భూమి కదలలేదని దిగులుపడే మనిషి విశాఖపట్నం మొత్తంలో ఆయనొక్కడే.