చాయకు గోదాములో ఉద్యోగం

అతిమధురం వేరు సారం రాసుకుంటున్న మూడో వారంలో పైడితల్లి ఒంటి నల్ల చాయ ఆమెను వదిలి, అచ్చం ఆమె పోలికతోనే అద్దె గదిలో స్టూలు మీద కూర్చుంది. సారం పనిచేసిందన్నమాట. ముఖానికి వెలుగు తెస్తుందని, ఎండ నుంచీ వయసు నుంచీ కాపాడుతుందని సీసా మీద రాశారు గానీ, దిగిన చాయను ఏం చేసుకోవాలో రాయలేదు.

పైడితల్లి వెనకాడే మనిషి కాదు. విజయనగరంలో ఓ చీరల షోరూం గోదాములో ఏళ్ల తరబడి చీరలు మడతపెడుతోంది. చీరను తన భుజాన వేసుకుని కొనేవాళ్లకు చూపించే పనికి, ముందు కౌంటరుకు మార్చమని అడిగినప్పుడల్లా మేనేజరు ఆమె ముఖం చూసి మాట మార్చేవాడు. ఈసారి ఎలా మారుస్తాడో చూద్దామనుకుంది.

చాయను వెంటబెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది. దిగిన చాయల విభాగం ముందు అప్పటికే పెద్ద వరస. ఎవరి చాయ వాళ్ల పక్కన బుద్ధిగా నిలబడి ఉంది.

"ఇది మళ్లీ ఒంటికెక్కదని కాగితం కావాలండి," అంది పైడితల్లి.

"ఇస్తాం. ముందు దీనికో బతుకుదెరువు చూపించాల. చాయలు రోడ్డున పడితే మాకు మాటొస్తాది," అన్నాడు గుమస్తా తలెత్తకుండా. "ఏం పనొచ్చు?"

"చీరలు మడతెడతాను," అంది చాయ.

గుమస్తాకు ప్రాణం లేచొచ్చింది. గోదాములో పైడితల్లి ఖాళీ చేసే చోటే దానికి రాసి ముద్ర కొట్టాడు. కొత్తవాళ్లకు పని నేర్పే తలనొప్పి తప్పిందని మేనేజరూ సంతోషించి, పైడితల్లిని ముందు కౌంటరుకు మార్చాడు.

మర్నాడు పైడితల్లి ముందు కౌంటరులో పట్టుచీర భుజాన వేసుకుంది. అద్దంలో ఒకటికి రెండుసార్లు చూసుకుని మురిసిపోయింది.

మధ్యాహ్నం, కౌంటరు మారిన సంగతి ఫోనులో విన్న తల్లి అప్పయ్యమ్మ నెల్లిమర్ల నుంచి క్యారేజీతో వచ్చింది. కూతురి ఎదురుగా నిలబడి, "మేడంగారూ, మా పైడితల్లి ఏ కౌంటరండీ?" అని అడిగింది.

"అమ్మా, నానే" అన్న మాట నోటిదాకా వచ్చింది. మేనేజరు చూస్తున్నాడు.

"లోపల, గోదాములో ఉందమ్మా. నేరుగా వెళ్లండి," అంది పైడితల్లి.

కాసేపటికి లోపల్నుంచి తల్లి గొంతు వినిపించింది. "ముందరికి మార్చినారన్నావు గదే? ఇంకా ఈ చీకట్లోనే ఉంచినారేటే నిన్ను? సర్లే, తిను."

పైడితల్లికి ఆకలేసింది. షోరూం లెక్కల్లో ఆమె పేరున ఉన్నది ఒక్క భోజన విరామమే. అది లోపల చాయకు నడుస్తోంది. ఆమె ఇంకో చీర విప్పి భుజాన వేసుకుంది.